గ్యాస్‌ అనుకుంటే.. గుండె పంపిన కబురు!

కర్నూలు, కడప: ఛాతీలో మంట పుట్టిందంటే ఆదోని మార్కెట్‌ యార్డులోనైనా, ప్రొద్దుటూరు బజారులోనైనా తొలుత వినిపించే మాట ఒక్కటే.. గ్యాస్‌. పొద్దున ఉగ్గానితో బజ్జీలు ఎక్కువ తిన్నారనో, రాత్రి కూరలో కారం మించిందనో, ఎండకు ఒళ్లు వేడి చేసిందనో ఏదో ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. సోడా తాగుతారు. వాము నములుతారు. మందుల దుకాణంలో గ్యాస్‌ మాత్ర అడిగి తెచ్చుకుని వేసుకుంటారు. అరుగు మీద పది నిమిషాలు కూర్చుంటే నొప్పి తగ్గుతుంది. మాత్ర పనిచేసిందని నమ్ముతారు. చాలా సందర్భాల్లో తగ్గించింది మాత్ర కాదు, కూర్చోవడం! హృద్రోగ నిర్ధారణలో వైద్యులు అన్నింటికన్నా ముందు వెతికే ఆధారం ఈ చిన్న తేడాలోనే ఉంది. రాయలసీమ పల్లెల్లో అది నిత్యం చేజారిపోతోంది.

స్టెంట్‌ వేయించుకుని ఇంటికి వచ్చినవారిని కదిపి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. అంతకుముందు కొన్ని వారాలుగా మిద్దె మెట్లు ఎక్కితే ఆయాసం రావడం, చేనుకు నడుస్తుంటే రొమ్ము బిగబట్టినట్లు ఉండటం, ఎడమ చేయి లాగడం జరిగిందని చాలామంది తరువాత గుర్తు చేసుకుంటారు. ఆ రోజుల్లో అది అజీర్ణం, లేదా వయసు, లేదా పని అలసట. క్యాథ్‌ల్యాబ్‌ బల్ల మీద పడుకున్నాకే అది గుండె అని తెలుస్తుంది. ఈ రెండింటి మధ్య గడిచిన కాలమే మన ప్రాంతంలో అసలు సమస్య. పెద్దాసుపత్రి దూరంగా ఉన్నచోట లక్షణాన్ని ముందుగా పోల్చుకోవడం పట్టణవాసి కన్నా పల్లెవాసికే ఎక్కువ అవసరం.

యాభై దాటగానే..

2017 మార్చి 12న నంద్యాల శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డి ఆళ్లగడ్డలోని తన ఇంట్లో గుండెపోటుకు గురయ్యారు. నంద్యాలలోని ఆసుపత్రికి తరలించినా ఫలితం లేకపోయింది. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. 2022 ఫిబ్రవరి 21న రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతంరెడ్డి యాభై ఏళ్లకే హైదరాబాదులో కన్నుమూశారు. 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో పాల్గొన్న సినీనటుడు నందమూరి తారకరత్న అక్కడే కుప్పకూలి, ఫిబ్రవరి 18న బెంగళూరు ఆసుపత్రిలో మృతిచెందారు. ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా కొన్నాళ్లు అందరి నోటా ఈసీజీల మాటే. తరువాత మళ్లీ సోడా, వాము!

వీటిని విడి ఘటనలుగా కొట్టిపారేయడానికి లేదు. 52 దేశాలలో జరిపిన ఇంటర్‌హార్ట్‌ అధ్యయనంలో దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తున్నట్లు తేలింది. మిగతా ప్రపంచంలో ఆ సగటు 58 ఏళ్లు దాటింది. ఇది పట్టణాల జబ్బు, కదలకుండా కూర్చునేవారి జబ్బు అన్న అభిప్రాయం కూడా నిలబడదు. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలలో మరణాల కారణాలను ఆరా తీసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని వెల్లడైంది. అది కోస్తా లెక్క. అయితే బీడీ, పొగాకు, బీపీ, చక్కెర వ్యాధి సీమలో తక్కువేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ప్రతి అయిదుగురు వయోజనులలో సుమారు ఒకరికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. గుండె నొప్పిని దాచిపెట్టే జబ్బు కూడా ఇదే కావడం విశేషం. ఆ సంగతికి తరువాత వద్దాం.

నడిస్తే వచ్చి.. నిలబడితే పోయే నొప్పి

బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో నాపరాయి గనులున్నాయి. అక్కడ బండలు మోసే కూలీని ఊహించుకోండి. బండ ఎత్తుకుని ఇరవై అడుగులు వేసేసరికి రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు అవుతుంది. దించి నిలబడితే అయిదు నిమిషాల్లో సర్దుకుంటుంది. మళ్లీ ఎత్తితే మళ్లీ వస్తుంది. వైద్యులు ఆంజైనా అని పిలిచేది దీన్నే. 1768లో లండన్‌లో విలియం హెబర్డెన్‌ అనే వైద్యుడు తొలిసారి దీన్ని సవివరంగా వర్ణించి ఈ పేరు పెట్టాడు. ఎత్తు ఎక్కేటప్పుడు, భోజనం చేసిన వెంటనే నడిచేటప్పుడు ఈ బాధ వస్తుందని, నిలబడిపోగానే మాయమవుతుందని ఆయన గుర్తించాడు. ఈసీజీ యంత్రం పుట్టడానికి శతాబ్దానికి పైగా ముందే, రోగిని అడిగి తెలుసుకున్న ముచ్చట అది. నేటికీ అందులో మార్చవలసింది పెద్దగా లేదు.

కారణం సులువుగానే అర్థమవుతుంది. గుండె కండరానికి రక్తం అందించే ధమని లోపల కొవ్వు పేరుకుని దారి సన్నబడుతుంది. ఖాళీగా కూర్చున్నప్పుడు ఆ సన్నని ధార సరిపోతుంది. బరువు ఎత్తినా, గుట్ట ఎక్కినా, కోపంతో ఊగిపోయినా గుండెకు రక్తం ఎక్కువ కావాలి. అందకపోతే మొరపెట్టుకుంటుంది. సాధారణంగా దారి 70 శాతం వరకు మూసుకుపోయినప్పుడు ఈ మొర వినిపిస్తుంది. ఎండిన బోరు నుంచి ఒక మడికే నీళ్లు పారించుకునే రైతుకు ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు.

ఈ బాధను చాలామంది నొప్పి అనరు. ‘బరువుగా ఉంది’, ‘బిగబట్టింది’, ‘మండుతోంది’, ‘గొంతులో ఏదో అడ్డం పడినట్లుంది’ అంటారు. చూపుడు వేలితో ఇక్కడ అని చూపించకుండా పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టుకుంటారు. ఈ సైగకు వైద్యశాస్త్రంలో ఒక పేరే ఉంది. సామ్యూల్‌ లెవిన్‌ అనే అమెరికా వైద్యుడి పేరిట దాన్ని లెవిన్‌ సైగ అంటారు. బాధ ఎడమ చేతికి మాత్రమే పాకాలన్న నియమం లేదు. రెండు చేతులకూ, మెడకూ, కింది దవడకూ, రెక్కల నడుమ వీపుకూ, పొట్ట పైభాగానికీ పోవచ్చు. నడిచినప్పుడే పన్ను నొప్పి వచ్చి నిలబడగానే తగ్గేవారు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లేముందు ఒకసారి ఆలోచించాలి. పొట్ట పైభాగంలో వచ్చే నొప్పే మన దగ్గర అన్నింటికన్నా ఎక్కువ మోసం చేస్తోంది. తేన్పు వచ్చి కాస్త ఉపశమనం కలిగితే ఇక గ్యాస్‌ అని తీర్మానం జరిగిపోతుంది. గుండెపోటులో కూడా వికారం, వాంతి, తేన్పులు ఉంటాయి.

మరి నిజంగా గ్యాస్‌ ఉండదా అంటే, ఉంటుంది. ఛాతీ నొప్పితో వచ్చేవారిలో ఎంతోమందికి గుండె బాగానే ఉంటుంది. సూదితో పొడిచినట్లు క్షణకాలం వచ్చిపోయేది, వేలితో నొక్కితే పెరిగేది, ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే గుచ్చుకునేది, పడుకుంటే పెరిగి కూర్చుంటే తగ్గే పుల్లని మంట.. వీటిలో గుండె పాత్ర తక్కువ. తక్కువే తప్ప బొత్తిగా లేదని చెప్పలేం. అందుకే ఇంట్లో కూర్చుని ఇది ఫలానా అని తేల్చుకోవడం కన్నా, శ్రమతో ముడిపడిన ఏ బాధనైనా పరీక్ష చేయించుకోవడం మంచిది. వైద్యుడికి ‘గ్యాస్‌ పట్టింది’ అని చెప్పకుండా ‘ఇంత దూరం నడిస్తే వస్తోంది, ఇంతసేపు ఉంటోంది, నిలబడితే పోతోంది’ అని చెబితే సగం పని అయినట్లే. మనం జబ్బు పేరు చెబితే ఎదుటివారు కూడా ఆ పేరుకే మందు రాస్తారు. గ్రామీణ వైద్యుల దగ్గర ఇది మరీ ఎక్కువ.

నొప్పి లేని గుండెపోటు

చక్కెర వ్యాధి ఏళ్ల తరబడి ఉన్నవారిలో నరాలు దెబ్బతిని గుండె మొర మెదడుకు చేరదు. వీరికి ఛాతీ నొప్పి లేకుండానే ఆయాసం, చెమటలు, తల తిప్పడం, చెప్పలేని నీరసం రావచ్చు. పోయిన నెల వరకు మంచినీళ్ల బిందె సునాయాసంగా మోసిన మనిషి ఇప్పుడు దారిలో రెండుసార్లు దించుతుంటే అది వయసు పని అనుకోకూడదు. నెలరోజుల్లో ఎవరికీ పదేళ్ల వయసు మీద పడదు. వృద్ధులలోనూ ఇదే తీరు కనిపిస్తుంది.

మహిళల విషయంలో నిర్లక్ష్యం మరీ ఎక్కువ. అమెరికాలో గుండెపోటు నుంచి బయటపడిన 515 మంది మహిళలను ప్రశ్నించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో 95 శాతం మంది గుండెపోటుకు నెల, అంతకు ముందు నుంచే శరీరంలో కొత్త మార్పులు గమనించామని చెప్పారు. దాదాపు 71 శాతం మంది అలవాటు లేని అలసట అన్నారు. సుమారు 48 శాతం మంది నిద్ర పట్టకపోవడం, 42 శాతం మంది ఆయాసం అన్నారు. ఛాతీలో ఇబ్బంది ముందుగా కనిపించినవారు మూడో వంతు కూడా లేరు. జరిగిపోయాక అడిగి రాబట్టిన సమాచారం కాబట్టి దాన్ని ఆ మేరకే తీసుకోవాలి. అలసిన ప్రతి స్త్రీకీ గుండెజబ్బు ఉన్నట్లు కాదు. కానీ మన ఇళ్లలో ఆడవారి అలసటకు విలువ కట్టేదెవరు? ఇంటిల్లిపాదికీ వండి, కూలికి వెళ్లి వచ్చి, రాత్రి నిద్ర పట్టడం లేదంటే ‘ఆలోచనలు ఎక్కువైనాయి’ అని తేల్చేస్తారు. బీపీ, చక్కెర ఉండి, ముట్లుడిగిన వయసు దాటిన స్త్రీకి ఇలాంటి కొత్త అలసట మొదలైతే మగవారికి ఛాతీ నొప్పి వచ్చినంత తీవ్రంగానే పట్టించుకోవాలి.

తీరు మారితే.. ఆగకూడదు

శ్రమతో వచ్చి విశ్రాంతితో పోయే నొప్పి కొంత వ్యవధి ఇస్తుంది. ఆ వారంలోనే వైద్యుడి దగ్గరికి వెళ్లవచ్చు. అదే నొప్పి తీరు మార్చుకుంటే వ్యవధి ఉండదు. గుట్ట ఎక్కితే వచ్చేది స్నానం చేసినా వస్తోంటే, వారానికోసారి వచ్చేది రోజుకు మూడుసార్లు వస్తోంటే, ఊరకే పడుకున్నా వస్తోంటే, అర్ధరాత్రి నిద్ర లేపుతోంటే ధమని లోపలి కొవ్వు గడ్డ పగిలి రక్తం గడ్డకట్టడం మొదలైందని అనుమానించాలి. విశ్రాంతి తీసుకున్నా 20 నిమిషాలకు తగ్గని నొప్పి, దానికి తోడు చల్లని చెమట ఉంటే గుండెపోటుగానే భావించి కదలాలి. ముందస్తు సూచన ఏదీ లేకుండా నేరుగా గుండెపోటే వచ్చేవారూ ఉన్నారు. సగం కూడా మూసుకోని చోట కొవ్వు గడ్డ పగిలి నిమిషాల్లో దారి మొత్తం మూసుకుపోవచ్చు. కాబట్టి నొప్పి లేదు కనుక బీడీ తాగినా పరవాలేదన్న లెక్క చెల్లదు.

ఇక్కడే మరో చిక్కుంది. ‘ఈసీజీ తీయించాం, బాగుందన్నారు’ అని ఇంటికి వచ్చేస్తారు. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ గుండెజబ్బు ఉన్నవారిలో కూడా మామూలుగా ఉండవచ్చు. ఆ క్షణంలో గుండె ఎలా ఉందో అది చెబుతుంది, నిన్న చేనులో ఎలా ఉందో చెప్పదు. గుండెపోటు మొదటి గంటలో సైతం తొలి ఈసీజీలో తేడా కనిపించకపోవచ్చు. అందుకే కొద్దిసేపటికి మళ్లీ తీస్తారు. రక్తంలో ట్రోపోనిన్‌ పరీక్షను కూడా కొన్ని గంటల వ్యవధితో తిరిగి చేస్తారు. నొప్పి ఉండగా తీసిన ఈసీజీ కాగితానికి ఉన్న విలువ తరువాత తీసిన పది కాగితాలకు ఉండదు. దాన్ని పారేయకుండా దాచుకుని, ఎక్కడికి వెళ్లినా చూపించాలి.

స్టెంట్‌ ఎవరికి?

పల్లెల్లో దీన్ని ‘స్టంటు’ అంటారు. వేయించుకున్న వారి సంఖ్య పెరిగేకొద్దీ దానిపై భయం తగ్గి, అపోహ పెరిగింది. 1977లో జూరిక్‌లో ఆండ్రియాస్‌ గ్రూంట్‌జిగ్‌ బుడగతో ధమనిని వెడల్పు చేసి చూపించాడు. 1986లో ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో జాక్‌ ప్యుయెల్‌ తొలిసారి మనిషి గుండె ధమనిలో లోహపు జాలీని అమర్చాడు. 1990వ దశకంలో హైదరాబాదులో హృద్రోగ నిపుణుడు డాక్టర్‌ బి.సోమరాజు, అప్పటికి రక్షణ శాస్త్రవేత్తగా ఉన్న అబ్దుల్‌ కలాం కలిసి చవకైన దేశీయ స్టెంట్‌ను రూపొందించారు. అదే కలాం-రాజు స్టెంట్‌. ధర మాత్రం చాలాకాలం దిగిరాలేదు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు పూసిన స్టెంట్‌కు 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంట్‌కు 7,260 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతకుముందు మందు పూసిన స్టెంట్‌ లక్ష రూపాయలు దాటి అమ్ముడైంది.

గుండెపోటు వచ్చి ధమని మూసుకుపోయినప్పుడు సకాలంలో వేసిన స్టెంట్‌ ప్రాణం నిలుపుతుంది. ఇందులో వివాదం లేదు. శ్రమతో మాత్రమే వచ్చే, తీరు మారని నొప్పి విషయం వేరు. అమెరికా, కెనడాలలో 2,287 మందిపై జరిపి 2007లో వెలువరించిన కరేజ్‌ అధ్యయనం, 37 దేశాలలో 5,179 మందిపై జరిపి 2020లో ప్రచురించిన ఇస్కీమియా అధ్యయనం ఒకే మాట చెప్పాయి. మందులు సక్రమంగా వాడే ఇలాంటి రోగులలో స్టెంట్‌ నొప్పిని తగ్గిస్తుంది తప్ప మరణాలను తగ్గించినట్లు కనిపించలేదు. ఎడమ ప్రధాన ధమనిలో అడ్డంకి ఉన్నవారు, గుండె పంపింగ్‌ బాగా తగ్గినవారు ఈ లెక్కలోకి రారు. అంటే నొప్పి తీరును రోగి ఎంత స్పష్టంగా చెప్పగలిగితే చికిత్స నిర్ణయం అంత సవ్యంగా ఉంటుంది. ‘బ్లాకు ఉంది, రేపే వేయాలి’ అన్నప్పుడు తనది ఏ రకమో అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది. అత్యవసరమైనవారు ఆలస్యం చేస్తున్నారు, తీరిక ఉన్నవారు తొందరపడి అప్పు చేస్తున్నారు. రెండూ నష్టమే.

దూరమే శత్రువు

దేశవ్యాప్తంగా 89 ఆసుపత్రుల్లో 20 వేలకు పైగా హృద్రోగులను పరిశీలించి 2008లో ప్రచురించిన క్రియేట్‌ అధ్యయనం ప్రకారం సగంమంది రోగులు ఆసుపత్రి చేరడానికి ఆరు గంటలు, అంతకన్నా ఎక్కువ సమయం తీసుకున్నారు. గుండె కండరం చావడం అరగంటలోపే మొదలవుతుంది. గడ్డ కరిగించే మందు తొలి రెండు మూడు గంటల్లో పడితేనే పూర్తి ప్రయోజనం. పన్నెండు గంటలు దాటితే దాదాపు నిష్ఫలం. పేదలకు తగిన చికిత్స తక్కువగా అందుతోందని, వారిలో మరణాలు ఎక్కువని కూడా అదే అధ్యయనం గుర్తించింది.

ఈ లెక్కను మన దారులకు అన్వయించి చూడాలి. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్లు. కడప నుంచి తిరుపతికి 140. కర్నూలు నుంచి హైదరాబాదుకు 200 దాటుతుంది. స్తోమత ఉన్నవారిలో ఒక అలవాటు బలంగా ఉంది.. నొప్పి రాగానే కారెక్కి నేరుగా హైదరాబాదు, బెంగళూరు బయలుదేరడం. దారిలో గుండె లయ తప్పితే కారులో షాక్‌ ఇచ్చే యంత్రం ఉండదు. పేరున్న ఆసుపత్రి కన్నా దగ్గరున్న ఈసీజీయే మొదటి గంటలో ప్రాణం కాపాడుతుంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనాన్ని పిలవమనడం అందుకే. సొంత బండి నడుపుకుంటూ వెళ్లడం, ద్విచక్ర వాహనం మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లడం మరీ ప్రమాదం. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్‌ మాత్రను ఎవరిదో తెచ్చి వేయడం కూడా తగదు. బీపీ పడిపోయి ఉంటే అది మరింత పడగొడుతుంది. ఆస్పిరిన్‌ విషయం ఫోనులోనే వైద్య సిబ్బందిని అడగాలి.

2023లో రాష్ట్ర ప్రభుత్వం భారత వైద్య పరిశోధన మండలితో కలిసి ప్రారంభించిన స్టెమీ కార్యక్రమం ఈ దూరాన్ని జయించేందుకు ఉద్దేశించినదే. కర్నూలు సర్వజన వైద్యశాల అందులో ఒక కేంద్ర ఆసుపత్రి. చుట్టుపక్కల ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాలలో తీసిన ఈసీజీ నిమిషాల్లో కేంద్రంలోని హృద్రోగ నిపుణుడికి చేరుతుంది. ఆయన చూసి సరేనంటే అక్కడి వైద్యుడే టెనెక్టిప్లేస్‌ ఇంజెక్షన్‌ ఇస్తారు. సుమారు నలభై వేల రూపాయల విలువైన ఈ మందు రోగికి ఉచితం. ఒకే మోతాదుగా క్షణాల్లో నరానికి ఇచ్చేయవచ్చు. పక్షవాతం వచ్చినవారికి, ఇటీవల పెద్ద శస్త్రచికిత్స జరిగినవారికి, రక్తస్రావం ఉన్నవారికి ఇవ్వరు. ఇంజెక్షన్‌ తరువాత కూడా పెద్దాసుపత్రికి వెళ్లి యాంజియోగ్రామ్‌ చేయించుకోవలసిందే. చాలామందికి స్టెంట్‌ పడేది అప్పుడే.

పథకం మంచిదే. అది రాత్రి రెండు గంటలకు పనిచేస్తుందా అన్నదే ప్రశ్న. ఈసీజీ యంత్రంలో కాగితం ఉందా, తీయగల సిబ్బంది విధుల్లో ఉన్నారా, ఇంజెక్షన్‌ నిల్వ ఉందా, అవతల ఫోను ఎత్తేవారున్నారా.. ఈ నాలుగింటిలో ఒకటి లోపించినా రోగి మళ్లీ వంద కిలోమీటర్ల దారి పట్టాల్సిందే. మండల సమావేశాల్లో ప్రజాప్రతినిధులు రోడ్లు, బోర్ల గురించి అడిగినట్లు దీని గురించి అడిగిన సందర్భాలు అరుదు. చికిత్స ఖర్చుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్‌ వైద్యసేవ అండగా ఉంది. అయితే 2025 అక్టోబరులో బకాయిలు చెల్లించలేదంటూ ప్రైవేటు నెట్‌వర్క్‌ ఆసుపత్రులు సేవలు నిలిపివేసినప్పుడు ఆ అండ ఎంత బలహీనమో కూడా తెలిసింది. నొప్పి వచ్చిన మనిషి కార్డు చెల్లుతుందో లేదో తెలియక ఇంట్లోనే ఆగిపోతే ఆ ఆలస్యం ఏ లెక్కల్లోకీ ఎక్కదు.

స్టెంట్‌ వేయించుకుని తిరిగి వచ్చినవారి ఇళ్లలోనూ ఒక ముప్పు పొంచి ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు రకాల మాత్రలను సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు తప్పక వాడాలి. ఆసుపత్రిలో ఇచ్చినవి అయిపోగానే కొందరు మానేస్తారు. పన్ను పీకించుకోవాలనో, పసరు మందు వాడుతున్నామనో మరికొందరు తమంతట తామే ఆపేస్తారు. అలా ఆపిన వారాల్లోనే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. అప్పుడు వచ్చే నొప్పి సాధారణంగా మొదటిసారి వచ్చిన నొప్పినే పోలి ఉంటుంది. దాన్ని రోగితోపాటు ఇంట్లోవారు కూడా తెలుసుకుని ఉండాలి. ‘స్టంటు వేశారు కదా, ఇది గ్యాసే’ అన్న మాట ఈసారి ఇంట్లోవారి నోటి నుంచే వస్తోంది.